పాటిమట్టిని చదివే చదువులు

తొలకరి జల్లు పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలలో జనం వంచిన నడుము ఎత్తరు. పొరుగు జిల్లాల నుంచి సైతం సద్దిమూటలతో వచ్చి, చెట్ల కింద, గుళ్లలో తలదాచుకొని వజ్రాల కోసం వెతుకుతారు. వానకు మన్ను కొట్టుకుపోయి పైకి తేలిన ప్రతి రాయినీ తిప్పి చూస్తారు. మెరిస్తే కొంగున కట్టుకుంటారు. మెరవకపోతే విసిరేస్తారు. ఆ విసిరేసిన వాటిలో అంచు పదునుగా చెక్కిన రాతిపెచ్చు ఉండవచ్చు. నున్నగా అరగదీసిన నల్లరాతి గొడ్డలి ముక్కో, లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకో ఉండవచ్చు. వజ్రానికి వర్తకుడు ఖరీదు కడతాడు. వీటికి ఖరీదు కట్టేవారు లేరు గాని, వీటి కోసం విశ్వవిద్యాలయాల్లో ఒక చదువు ఉంది. దాని పేరు పురావస్తు శాస్త్రం.

ఒక చదువు అనడం కూడా సరికాదు. వైద్యంలో కంటికి ఒక డాక్టరు, ఎముకకు ఒక డాక్టరు ఉన్నట్టే ఇందులోనూ రాతి పనిముట్లు చూసేవారు వేరు, శాసనాలు చదివేవారు వేరు, మాడిన గింజలు ఏరేవారు వేరు. 2022లో నంద్యాల విడిపోక ముందున్న పాత కర్నూలు జిల్లాను ఒకసారి చుట్టివస్తే ఈ శాఖల్లో ముఖ్యమైనవన్నీ కళ్లకు కడతాయి. ఉన్నది ఎక్కువ గనుక పోగొట్టుకుంటున్నదీ ఎక్కువే.

బావి తవ్వినవారికి తెలిసిందే

నేల పొరలు పొరలుగా ఉంటుందని బావి తవ్వించిన రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. పైన సాగుమన్ను, కింద గరుసు, ఆ కింద సుద్ద, చివరికి బండ. ఊరు ఉండి పాడుబడిన దిబ్బ కూడా అంతే. కూలిన ఇంటి మీదే మరొక ఇల్లు లేస్తుంది. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. ఏ శాఖలో చేరిన విద్యార్థి అయినా మొదట నేర్చుకునేది ఈ పొరలను చదవడమే.

తవ్వకం అంటే గడ్డపార పోటు కాదు. దారాలు కట్టి చదరపు గుంతలు గీస్తారు. తాపీ వంటి చిన్న పనిముట్టుతో, బ్రష్షుతో ఒక్కొక్క పొరా ఒలుస్తారు. మన్నును జల్లెడ పడతారు. దొరికిన ప్రతి పెంకునూ ఏ గుంత, ఏ పొర, ఎంత లోతు అని రాసిన సంచిలో వేస్తారు. ఎలుక బొరియను కూడా గుర్తుపట్టడం నేర్పుతారు. పై పొరలోని పూస బొరియ గుండా కిందికి జారితే వెయ్యేళ్ల లెక్క తప్పుతుంది మరి.

1947లో మార్టిమర్ వీలర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో ఈ పద్ధతినే తవ్వించాడు. అడుగున రాతి గొడ్డళ్లు వాడినవారు, వారి మీద ఇనుము వాడి పెద్ద బండలతో సమాధులు కట్టినవారు, ఆ పైన శాతవాహనుల కాలపు జనం వరుసగా బయటపడ్డారు. దక్షిణాదిలో తర్వాత జరిగిన తవ్వకాలకు ఆ వరుసే కొలబద్ద అయింది.

ఇక్కడే పల్లెలకు, ఈ శాస్త్రానికి పేచీ. పాటిమన్ను పొలానికి బలమని రైతుకు తెలుసు. వందల ఏళ్ల పేడ, బూడిద, ఎముకల సారం అందులో దిగి ఉంటుంది. ఎద్దుల బండ్లతో తోలుకున్నంత కాలం దిబ్బ తరతరాలు నిలిచింది. ప్రొక్లెయినర్, ట్రాక్టరు వచ్చాక రెండు రోజుల పని అయిపోయింది. రైతును తప్పుపట్టి లాభం లేదు. ఎరువుల ధర అతనికే తెలుసు. ఆ దిబ్బలో ఏమున్నదో అతని ఇంటికి వచ్చి చెప్పినవారు లేరు. పాటిమన్ను పొలంలో చల్లాక పెంకులు చేలో కనిపిస్తూనే ఉంటాయి. కాని ఏది కింది పొరదో, ఏది పై పొరదో ఇక ఎవరూ చెప్పలేరు.

అక్షరం పుట్టక ముందు

రాత లేని కాలాన్ని చూసే శాఖను ప్రాక్ చరిత్ర అంటారు. దీనికి భూగర్భ శాస్త్రం తోడు కావాలి. అసలు ఈ శాఖకు దక్షిణాదిలో నాంది పలికినవాడే ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు, రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో చేతితో చెక్కిన రాతి పనిముట్టును గుర్తుపట్టింది ఆయనే. 1884లో ఆయన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో పనికి దిగాడు. ఆయన కుమారుడు కూడా ఆ తవ్వకాల్లో పాలుపంచుకున్నాడు. అక్కడి ఎముకల్లో ఖడ్గమృగానివి ఉండడం విశేషం. ఆ ఎముకలను పరిశీలించిన లైడెక్కర్ 1886లో ఆ మృగానికి కర్నూలు పేరే కలిపి శాస్త్రనామం పెట్టాడు. ఇప్పుడు గొర్రెలు మేసే ఆ గుట్టల్లో ఒకనాడు ఖడ్గమృగాలు తిరిగాయంటే ఆనాటి గడ్డి, నీరు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

అక్కడ దొరికిన ఎముక ముక్కల్లో కొన్ని మనిషి చేసిన పనిముట్లని ఫుట్ అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వి, ఎముక పనిముట్లతోపాటు నిప్పు రాజేసిన పొయ్యి జాడను కూడా చూపారు. దాని వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. గవి అంటే గొర్రెల కాపరులు వానకు తలదాచుకునే చోటే. పదిహేడు వేల ఏళ్ల కిందట కూడా అందుకే పనికివచ్చిందన్నమాట.

ఇంతకంటే పెద్ద కథ బనగానపల్లె దగ్గరి జ్వాలాపురానిది. జుర్రేరు లోయలో నేల కింద తెల్లని మెత్తని బూడిద పొర ఉంది. అది ఇక్కడి బూడిద కాదు. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి పడినది. ధార్వాడ విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, విదేశీ శాస్త్రజ్ఞుడు మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నట్టు 2007లో ప్రకటించింది. కిందివీ పైవీ ఒకే తీరున ఉన్నాయి. అంటే అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారని ఆ బృందం అభిప్రాయం. వారు ఏ జాతి మనుషులన్న దానిపై పండితుల్లో వాదం ఇంకా నడుస్తోంది. ప్రపంచంలో ఆది మానవుని గురించి రాసే పుస్తకాల్లో జ్వాలాపురం పేరు కనిపించేది ఇందుకే.

ఆ బూడిదనే గిన్నెలు తోమే పొడికి పనికివస్తుందని తవ్వి అమ్మారు. ఇంతకంటే చెప్పేదేముంది!

వయసు లెక్కగట్టడం మళ్లీ ఒక ప్రత్యేక శాఖ. ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఒక రకం కార్బన్ ఉంటుంది. చచ్చిన తర్వాత అది తరుగుతూ 5,730 ఏళ్లకు సగమవుతుంది. బొగ్గు ముక్కలో ఎంత మిగిలిందో చూసి వయసు చెబుతారు. ఈ పద్ధతి సుమారు 50 వేల ఏళ్ల వరకే పనిచేస్తుంది. జ్వాలాపురం వంటి చోట్ల ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో కొలిచే మరొక పద్ధతి వాడారు. ఆ ఇసుకను వెలుగు తగలకుండా తీసి ప్రయోగశాలకు పంపాలి. ఎవరైనా ముందే తవ్వి ఆరబోస్తే ఆ గడియారం చెడిపోయినట్టే.

పేడ బూడిద, ఉలవ గింజ

పొరుగున అనంతపురం జిల్లా పాలవాయిలో, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో, బళ్లారి చుట్టుపక్కల పెద్దపెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. రాక్షసులను కాల్చిన బూడిద అని పూర్వం చెప్పుకునేవారు. అది పేడ కాల్చగా వచ్చినదని ఫుట్ అప్పట్లోనే అన్నాడు. 1957లో ఉట్నూరు దిబ్బను తవ్విన ఆల్చిన్‌కు బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు సైతం కనిపించాయి. కంచె కట్టి మందను నిలిపిన దొడ్డి అది. నాలుగు వేల ఏళ్ల కిందటి పశుపాలకులు పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టారు. ఎందుకు తగలబెట్టారన్నది మాత్రం చర్చలోనే ఉంది. పండుగ నాడు మంటల మీదుగా పశువులను దాటించే అలవాటు ఉన్న ఊళ్లవారికి ఆ చర్చ వింతగా తోచకపోవచ్చు.

ఎముకలను చూసే శాఖవారు పంటి అరుగుదల బట్టి ఆవు ఏ వయసులో చచ్చిందో చెబుతారు. కత్తిగాటు ఉంటే కోసుకు తిన్నారని అర్థం. గింజల శాఖవారిది ఇంకా చిత్రమైన పని. పొయ్యి దగ్గరి మన్నును నీళ్లలో వేసి కలియబెడతారు. బియ్యం కడిగితే తవుడు తేలినట్టు మాడిన గింజలు పైకి తేలతాయి. వాటిని నీడన ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కర్నూలు, కడప జిల్లాల పాత ఊళ్ల మన్నును కూడా డోరియన్ ఫుల్లర్, కోరిశెట్టర్ ఇలా కడిగి చూశారు. దక్షిణాదిలో తొలి రైతులు పండించినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు అని ఈ పనివల్లనే తేలింది. వరి వాటి తర్వాత వచ్చినదే. ఉలవచారును పేదవాడి తిండి అని చిన్నచూపు చూసేవారు ఆ ఉలవకు నాలుగు వేల ఏళ్ల వయసున్నదని గుర్తించడం మంచిది.

బతికున్న మనుషుల పనులు చూసి పాతవారి పనులను అర్థం చేసుకునే శాఖ కూడా ఒకటి ఉంది. ఎం.ఎల్.కె. మూర్తి కర్నూలు గుహల ప్రాంతంలో చెంచులు తదితరులు వేటకు వాడే ఉచ్చులను, ఏరుకునే దుంపలను, కాయలను గమనించి 1985లో ఒక వ్యాసం ప్రకటించారు. నల్లమలలో ఏ నెలలో ఏ దుంప దొరుకుతుందో గూడెంలోని అవ్వకు తెలిసినంత పుస్తకానికి తెలియదు.

ఊరి బయట బండలు నిలబెట్టి, పైన పెద్ద పలక కప్పిన కట్టడాలను పాండవ గుళ్లు, రాకాసి గుళ్లు అంటారు. అవి గుళ్లు కావు, ఇనుము వాడకం మొదలైన కాలపు సమాధులు. లోపలా, అంచునా నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు వీటిలో కనిపిస్తాయి. కుండను బోర్లించి కాలిస్తే గాలి ఆడని లోపలి వైపు నల్లబడుతుంది. ఏ కుమ్మరిని అడిగినా ఈ మాట చెబుతాడు. ఈ బండలను పగలగొట్టి గోడలకు, కంకరకు వాడుకున్న ఊళ్లకు లెక్క లేదు.

ఎద్దు దున్నినట్టు రాసిన శాసనం

శాసనాల శాఖకు ఈ జిల్లాలో ఎర్రగుడిని మించిన బడి లేదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఉన్న ఆ గుట్ట బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయని 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శాసనం అన్నీ ఒకేచోట ఉండడం అరుదు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. కొసదాకా పోయి వెనుదిరిగే ఎద్దుల సాలులాగా అన్నమాట. ఈ తరహా రాతకు గ్రీకు భాషలో ఉన్న పేరుకు కూడా ఎద్దు తిరగడం అనే అర్థం. రాజాజ్ఞను రజ్జుకులనే అధికారులు భేరి మోగించి పల్లె జనానికి చాటాలని ఆ శాసనం చెబుతుంది. పత్తికొండ దగ్గర రాజుల మందగిరిలోనూ అశోకుని చిన్న శాసనం ఉంది.

ఈ బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివేవరకు ఎవరికీ అర్థం కాలేదు. శాసనాల విద్యార్థి బ్రాహ్మీ మొదలు తెలుగు అక్షరం వరకు లిపి మారిన తీరు నేర్చుకోవాలి. సంస్కృతం, ప్రాకృతం కూడా రావాలి. కడప జిల్లా కలమళ్లలో ఉన్న రేనాటి చోళుల శాసనం ఆరో శతాబ్దిది. తొలి తెలుగు శాసనాల్లో అది ముందు వరుసలోది. విజయనగర కాలపు శాసనాల్లో చెరువు మాన్యాలు, పొలాల హద్దులు, పన్నుల మినహాయింపులు ఉంటాయి. అవి ఒకరకంగా ఆ కాలపు అడంగల్ కాగితాలు.

నకలు తీసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రాతిని కడిగి, తడిపిన కాగితం పరచి, బ్రష్షుతో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. భారత పురావస్తు సర్వే శాసన శాఖ కార్యాలయం మైసూరులో ఉంది. శాసనాల నకళ్లు అక్కడికి చేరతాయి. ఊళ్లలో శాసనపు రాయికి సున్నం కొట్టడం, రంగు పూయడం భక్తితో చేసేదే కావచ్చు. కాని సున్నం పొరలు నిండిన అక్షరాన్ని ఏ పండితుడూ చదవలేడు. బట్టలు ఉతికే బండగా మారిన శాసనం సంగతి చెప్పనే అక్కర లేదు.

గుళ్ల నిర్మాణం, శిల్పం మరొక శాఖ. మహానంది శిఖరం తీరు వేరు, అహోబిలం గోపురం తీరు వేరు. కర్నూలు నదీ తీరాన అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటం తీరు వేరు. ఈ తేడా చూసి ఏ కాలం, ఏ వంశం అని చెప్పడం ఈ శాఖ పని.

లంకెబిందెల పిచ్చి

ఏ ఊళ్లో తవ్వకం మొదలైనా చుట్టూ చేరినవారు అడిగే మొదటి మాట ఒకటే: "సార్, బంగారం పడిందా?" పడదు. పడేది పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒక నాణెం. ఈ ఆశే పాడుబడిన గుళ్లకు ముప్పు తెచ్చింది. గుప్తనిధుల కోసం రాత్రిపూట లింగాలను పెకలించడం, నందుల పొట్టలు పగలగొట్టడం రాయలసీమ పత్రికల్లో తరచు వచ్చే వార్త. నంది పొట్టలో ఏమీ ఉండదు. అది నిండు రాయి.

నాణేల శాఖకు కావలసింది కూడా బంగారం కాదు. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసంవి. కరీంనగర్ వైపు కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఛిముక అనే పేరును పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. పురాణాల్లో శాతవాహన వంశానికి మూలపురుషుడుగా చెప్పిన సిముకుడు ఇతడేనని అనడంతో, ఆ వంశం పుట్టిన చోటు గురించిన వాదన కొత్త మలుపు తిరిగింది. ఆ నాణెం కంసాలి కొలిమికి పోయి ఉంటే ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

భూమిలో దొరికిన నిధి గురించి 1878 నాటి చట్టం ఉంది. దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది రాయాలి. దాచితే తనకు రావలసిన వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. దాని సొంతదారు ఎవరో తేలకపోతే దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని చట్టంలోనే ఉంది. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. చెబితే పోలీసులు అంతా పట్టుకుపోతారనే భయంతోనే చాలామంది నోరు మెదపరు. ఈ వాటాల సంగతి దండోరా వేసి చెప్పి ఉంటే ఎన్నో నాణేలు కొలిమిని తప్పించుకునేవి.

నీట మునిగిన ఊళ్లు

పరిరక్షణ అనే శాఖ విలువ ఈ జిల్లాకు శ్రీశైలం ప్రాజెక్టుతో తెలిసింది. అంతకుముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను నీరు నిండేలోగా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి చేర్చారు. అదే పద్ధతి ఇక్కడా పాటించారు. తుంగభద్ర ఒడ్డున సాతానికోటను 1977-80లో పురావస్తు సర్వే తవ్వగా శాతవాహనుల కాలపు కోటగోడ, కందకం బయటపడ్డాయి. కృష్ణ ఒడ్డున వీరాపురాన్ని హైదరాబాదులోని బిర్లా పరిశోధన సంస్థ తవ్వింది. రెండూ తర్వాత నీట మునిగాయి. మిగిలినవి గ్రంథాలే.

కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి చేరింది. సప్తనదుల సంగమంలోని సంగమేశ్వరం ఉన్నచోటే ఉండిపోయి, వేసవిలో నీరు తగ్గినప్పుడు దర్శనమిస్తుంది. గుడి రాళ్లకు వేసినంత శ్రద్ధగా అంకెలు మునిగిన వందకు పైగా గ్రామాల ఇళ్లకు వేయలేదన్న మాట నిర్వాసితుల నోట వినిపించేది. ఆ మాటలో న్యాయం ఉంది.

చదవదలచిన పిల్లలకు

ఏ డిగ్రీ చదివినవారైనా సాధారణంగా ఈ శాస్త్రంలో ఎం.ఏ.లో చేరడానికి అవకాశం ఉంటుంది. తిరుపతి వేంకటేశ్వర, గుంటూరు నాగార్జున, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయాలు దీనిని బోధించిన పేరున్నవి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలంలోనే చరిత్ర, పురావస్తు శాస్త్ర పీఠం నెలకొల్పింది. రాతియుగం, గింజలు, ఎముకలు ప్రత్యేకంగా చదవాలంటే పుణెలోని డెక్కన్ కళాశాల పేరు మొదట చెబుతారు. పురావస్తు సర్వే సంస్థ నడిపే రెండేళ్ల డిప్లొమా ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో ఉంది. సైన్సు చదివినవారికి కాల నిర్ణయం, గింజల శాఖలు, తెలుగు, సంస్కృతం చదివినవారికి శాసనాల శాఖ అనువుగా ఉంటాయి. ఉద్యోగాలు మాత్రం తక్కువ. సర్వే సంస్థ, రాష్ట్ర శాఖ, మ్యూజియంలు, అధ్యాపక పదవులు, అంతే. ఈ సంగతి ముందే తెలుసుకొని చేరడం మేలు.

చదవకపోయినా చేయగలిగిన పని ఉంది. పొలంలో, బావిలో, పునాదిలో వింతవస్తువు కనబడితే కదపకుండా అక్కడే ఉంచి, సర్వే నంబరు, ఎంత లోతున ఉన్నది, పక్కన ఏమున్నది ఒక కాగితం మీద రాసి తహసీల్దారుకు గాని, కర్నూలులోని పురావస్తు మ్యూజియానికి గాని తెలిపితే చాలు. వాన వచ్చి తీయక తప్పకపోతే తీసి పొడి గుడ్డలో చుట్టాలి. కడగకూడదు. పెంకుకు అంటిన మన్ను కూడా గింజల శాఖవారికి కావాలి.